మన బీరు పైసలు ఎటు పోతున్నాయ్? కందకుర్తి నుంచి కోపెన్‌హాగెన్ దాకా

ఈ ఎపిసోడ్ కందకుర్తి నుంచి. నిజామాబాద్ జిల్లా, రెంజల్ మండలం. మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగు పెట్టేది ఇక్కడే. మంజీర వచ్చి గోదావరిలో కలిసేది కూడా ఇక్కడే. హరిద్ర అని ఇంకో చిన్న నది కూడా కలుస్తుంది కాబట్టి త్రివేణి సంగమం అంటారు. పుష్కరాలప్పుడు ఇక్కడ కాలు పెట్టడానికి చోటు ఉండదు. ఇవన్నీ మీకు తెలిసిన ముచ్చట్లే. ఈ రోజు మాట్లాడేది మాత్రం బీరు గురించి.

సంగమం దగ్గర నిలబడి బీరు గురించి ఏంటి అనుకుంటున్నారా? మంజీర ఉంది కదా, దాని వెంట వెనక్కి నడవండి. బోధన్ పొలాలు దాటి, నిజాంసాగర్ దాటి, మెదక్ దాటి సంగారెడ్డి దాకా పోండి. తెలంగాణలో బీరు ఫ్యాక్టరీలు ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. నీళ్లు దగ్గర, హైదరాబాద్ మార్కెట్ దగ్గర, ముంబై హైవే పక్కనే. ఫ్యాక్టరీ పెట్టేవాడికి ఇంకేం కావాలి?

బీరులో 90 శాతానికి పైగా నీళ్లే. సీసాలో పోసేవే కాదు, కడగడానికి, ఉడకబెట్టడానికి, చల్లార్చడానికి కూడా నీళ్లు కావాలి. బాగా నడిచే ఫ్యాక్టరీలో కూడా లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్లు పడతాయి. 2016 కరవు గుర్తుందా? అప్పుడు మీలో కొందరు ప్రైమరీ స్కూల్లో ఉండి ఉంటారు. సింగూరు అడుగంటింది, నిజాంసాగర్ ఎండింది, ఆయకట్టులో పంట లేదు. ఆ టైంలో సింగూరు నీళ్లు బీరు ఫ్యాక్టరీలకు ఇస్తున్నారని పెద్ద గొడవ నడిచింది. ఫ్యాక్టరీలు ఆగితే ప్రభుత్వానికి ఆదాయం ఆగుతుంది, ఇస్తే రైతులకు మండుతుంది. పైన తాగిన నీళ్లు కిందికి రావు, అంతే లెక్క. మంజీరలో కింది ఊళ్లు చాలా వరకు మనవే.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. ఇది బీరు తాగమనే వీడియో కాదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండని వాళ్లకు మద్యం అమ్మడం నేరం. మనం మాట్లాడేది పైసల గురించి.

బోధన్‌లోనో నిజామాబాద్‌లోనో ఏ వైన్స్ ముందు నుంచి పోయినా, అద్దాల ఫ్రిజ్‌లో కనిపించే పేర్లు ఇవే: కింగ్‌ఫిషర్, టుబోర్గ్, కార్ల్స్‌బర్గ్, బడ్వైజర్, నాకౌట్, హేవార్డ్స్. వీటి యజమానులు ఎవరో చూద్దాం. కింగ్‌ఫిషర్ అంటే మనోళ్లకు ఇప్పటికీ విజయ్ మాల్యా గుర్తొస్తాడు. కానీ యునైటెడ్ బ్రూవరీస్‌లో 2021 నుంచి 61.5 శాతం వాటా హైనెకెన్‌ది. హైనెకెన్ ఎక్కడిది? నెదర్లాండ్స్. టుబోర్గ్, కార్ల్స్‌బర్గ్ ఒకే గ్రూపు, డెన్మార్క్. బడ్వైజర్, నాకౌట్, హేవార్డ్స్ ఏబీ ఇన్‌బెవ్‌వి. అమెరికా పేరు అనుకుంటాం గానీ హెడ్డాఫీసు బెల్జియంలోని లూవెన్ అనే ఊరు.

మూడు కంపెనీలు, మూడు చిన్న దేశాలు. మ్యాపులో వేలు పెడితే మూడూ దాదాపు కప్పేయొచ్చు. వాటిలో డెన్మార్క్‌నే తీసుకుందాం. గ్రీన్‌లాండ్ వదిలేస్తే ఆ దేశం సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ లక్షా 12 వేలు. అంటే మన రాష్ట్రంలో రెండున్నర డెన్మార్కులు పడతాయి. జనాభా 60 లక్షలు, 2011 లెక్కల్లో మన తెలంగాణ మూడున్నర కోట్లు. అంత చిన్న దేశం బీరు మన ఊరి ఫ్రిజ్‌లోకి ఎట్లా వచ్చింది?

1847లో జాకబ్సెన్ అనే ఆయన కోపెన్‌హాగెన్ బయట ఒక గుట్ట మీద బీరు ఫ్యాక్టరీ పెట్టాడు. కొడుకు పేరు కార్ల్, గుట్టను వాళ్ల భాషలో బెర్గ్ లాంటి మాటతో పిలుస్తారు. రెండూ కలిపి కార్ల్స్‌బర్గ్. మనోళ్లు పిల్లల పేరు మీద కిరాణా షాపు, రైస్ మిల్లు పెట్టినట్టే.

ఈయన దగ్గర ఒక పట్టుదల ఉండేది. ఆ రోజుల్లో బీరు ఒక్కోసారి బాగుండేది, ఒక్కోసారి చెడిపోయేది, ఎందుకో ఎవరికీ తెలియదు. మన ఇంట్లో దోశ పిండి ఒకరోజు బాగా పులిసి, ఒకరోజు కంపు కొట్టినట్టు. అది తెలుసుకోవడానికి 1875లో ఫ్యాక్టరీలోనే ఒక ల్యాబ్ పెట్టాడు. 1883లో ఆ ల్యాబ్‌లో హాన్సెన్ అనే శాస్త్రవేత్త కారణం పట్టుకున్నాడు: మంచి ఈస్టుతో పాటు అడవి ఈస్టు కలుస్తోంది. ఒకే ఒక్క ఈస్టు కణాన్ని వేరు చేసి, దాన్నే పెంచే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు మనోడైతే ఏం చేస్తాడు? పేటెంట్ వేసి తాళం పెడతాడు. జాకబ్సెన్ దాన్ని మిగతా బీరు కంపెనీలకు కూడా ఇచ్చేశాడు. ప్రపంచంలో లాగర్ బీరు అని అమ్మేదంతా, మన కింగ్‌ఫిషర్‌తో సహా, ఆ పద్ధతికి రుణపడే ఉంది.

అదే ల్యాబ్‌లో 1909లో సోరెన్సెన్ అనే ఆయన ఇంకొకటి కనిపెట్టాడు. మీరంతా పదో తరగతిలో చదివిందే: పీహెచ్ స్కేలు. ఆమ్లం, క్షారం, ఏడు అంటే తటస్థం, అదే. బీరు తయారీలో ఎంజైములు సరిగ్గా పనిచేయాలంటే ఆమ్లం ఎంత ఉందో కొలవాలి, అందులోంచి వచ్చింది. ఇప్పుడు మనం మట్టి పరీక్షకు పోయినా, ఆక్వేరియం పెట్టినా, షాంపూ సీసా మీద చూసినా ఆ బీరు ఫ్యాక్టరీ కనిపెట్టిన కొలతే. పదో తరగతిలోనే నీల్స్ బోర్ పరమాణు నమూనా కూడా ఉంటుంది కదా. ఆ బోర్ 1932 నుంచి ఉన్న ఇల్లు కార్ల్స్‌బర్గ్ ఇచ్చిన గౌరవ నివాసం. కోపెన్‌హాగెన్ పోయినోళ్లంతా సెల్ఫీ దిగే మత్స్యకన్య విగ్రహం ఉంది, 1913ది. అది కూడా జాకబ్సెన్ కొడుకు కార్ల్ చేయించి ఊరికి ఇచ్చిందే.

ఇవన్నీ దాతృత్వం కథల్లా వినిపిస్తాయి. నాకు వీటన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఒక కాగితం. 1876లో జాకబ్సెన్ కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ అని పెట్టాడు, ఆ తర్వాత ఫ్యాక్టరీ తన తదనంతరం దానికే చెందాలని రాసిపెట్టాడు. ఫౌండేషన్ నడిపేది దేశంలోని శాస్త్రవేత్తల అకాడమీ ఎన్నుకున్న వాళ్లు. ఈ రోజుకీ కార్ల్స్‌బర్గ్ కంపెనీలో ఓటింగ్ హక్కుల మెజారిటీ ఆ ఫౌండేషన్‌దే. అంటే సంగారెడ్డిలోనో, చైనాలోనో, వియత్నాంలోనో అమ్మిన టుబోర్గ్ లాభంలో ఒక వాటా డెన్మార్క్‌లో ఒక పీహెచ్‌డీ పిల్లాడికి స్కాలర్‌షిప్ అవుతుంది. ఒక దేశ ఆర్థిక వ్యవస్థకు బీరు చేసే మేలు అని మాట్లాడితే, ఆ దేశంలో లెక్క ఇట్లా ఉంటుంది. బార్లీ వాళ్ల రైతే పండిస్తాడు, మాల్ట్ వాళ్లే చేస్తారు, ఎగుమతి కూడా చేస్తారు. ఫ్యాక్టరీ జీతాలు, బార్ల జీతాలు, పన్ను, చివరకు లాభంలో ఒక వాటా కూడా అక్కడికే చేరుతుంది.

అట్లని అది స్వర్గం కాదు. కోపెన్‌హాగెన్‌లోని ఆ పాత ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున బీరు తయారీ 2008లో ఆపేశారు. తయారీని దేశంలోనే ఇంకో ఊరికి మార్చారు. పాత స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, కేఫ్‌లు. అక్కడ పనిచేసిన వాళ్లకు అది బాధే. ఫ్యాక్టరీ మూతపడింది గానీ యాజమాన్యం మాత్రం కదల్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బోధన్ వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు మన సీసా లెక్క. 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సప్లై ఆపేసింది. మీమ్స్ మస్తు వచ్చాయి అప్పుడు. గొడవ ఏంటంటే, మన రాష్ట్రంలో కంపెనీ నేరుగా వైన్స్‌కు అమ్మలేదు. ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ బెవరేజెస్ కార్పొరేషన్ కొంటుంది, అదే షాపులకు అమ్ముతుంది. కంపెనీకి ఇచ్చే రేటు ఎంతో ప్రభుత్వమే తేలుస్తుంది. 2019 తర్వాత రేటు పెంచలేదు, పాత బకాయిలు రాలేదు అని కంపెనీ అంది. 33 శాతం పెంచమంటున్నారు, జనం మీద భారం ఎట్లా వేస్తాం అని మంత్రి అన్నారు. జనవరి 20న సప్లై మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో 15 శాతం పెరిగింది.

ఆ గొడవలో కంపెనీ ఒక సంగతి బయట పెట్టింది, చాలామంది పట్టించుకోలేదు. తెలంగాణలో తాగేవాడు కట్టే ధరలో దాదాపు 70 శాతం రాష్ట్ర పన్నులకే పోతుందట. కంపెనీ తన వాదన కోసం చెప్పిన లెక్క అది, సరే. కానీ పక్కన పెట్టేసే లెక్క కాదు. నూరు రూపాయల్లో 70 సర్కారుకు. మిగిలిన 30లోనే షాపు కమీషన్, లారీ కిరాయి, సీసా, బార్లీ, కరెంటు, జీతాలు, కంపెనీ లాభం, అన్నీ.

షాపుల సంగతి ఇంకా విచిత్రం. రాష్ట్రంలో 2,620 వైన్స్. లైసెన్సు లాటరీలో వస్తుంది. 2023లో అప్లికేషన్ ఫీజు రెండు లక్షలు, లాటరీ తగలకపోతే వాపస్ రాదు. లక్షా 31 వేలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకుండానే ప్రభుత్వానికి 2,600 కోట్ల పైన వచ్చింది. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. అప్లికేషన్లు లక్ష కంటే కిందికి పడ్డాయి, పైసలు మాత్రం 2,800 కోట్లు దాటాయి. మన జిల్లాలో కూడా ఐదుగురు పదుగురు కలిసి గ్రూపు కట్టి, ఆడోళ్ల పేరు మీద, అన్నదమ్ముల పేరు మీద అప్లికేషన్లు వేసిన వాళ్లను మీరు చూసే ఉంటారు.

ప్రభుత్వాలు ఈ ఆదాయాన్ని ఎందుకు వదలవో కూడా తెలుసుకోవాలి. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో సొంతంగా వేసుకునే పన్నులు చాలా తగ్గాయి. తాగే మద్యం, పెట్రోలు, డీజిల్ జీఎస్టీ బయట ఉండిపోయాయి. ఎక్సైజు, వ్యాట్ కలిపితే తెలంగాణకు మద్యం మీద ఏడాదికి 30 వేల కోట్లకు పైగా వస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో దూబగుంట ఉద్యమం తర్వాత సారా పోయింది, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టారు. 1997లో సడలించేశారు. ఖజానా తట్టుకోలేదు. అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా ఆ నల్లా కట్టేసే ధైర్యం చేయలేదు.

ఆ పన్ను ఎక్కడికో మాయం కాదు, అది కూడా ఒప్పుకోవాలి. పింఛన్లు, జీతాలు, స్కాలర్‌షిప్పులుగా మన ఊళ్లకే తిరిగొస్తుంది. కాకపోతే అది బీరు సృష్టించిన సంపద కాదు. మన జేబులోంచే తీసి మళ్లీ మనకే పంచింది. కూలి చేసి సంపాదించిన పైసలు సాయంత్రం వైన్స్‌లో కట్టి, నెల మొదట్లో ఇంట్లో ముసలమ్మకు పింఛనుగా తీసుకుంటున్నాం. మధ్యలో లివర్ ఖర్చు, యాక్సిడెంట్ ఖర్చు, ఇంట్లో గొడవల ఖర్చు ఎవరూ రాయరు. బెల్టు షాపులో ఎమ్మార్పీ మీద పదీ ఇరవై ఎక్కువ తీసుకుంటారు చూడండి, అది ఏ లెక్కలోనూ ఉండదు.

సరే, పన్ను వదిలేద్దాం. తయారీలో మనకేం దక్కుతోంది? ఉద్యోగాలు ఉన్నాయి, ఎక్కువ సంగారెడ్డి చుట్టుపక్కల. లారీల వాళ్లు, హమాలీలు. బార్లీ నుంచి రసం తీసేశాక మిగిలే పిప్పిని పాడి రైతులు బర్రెలకు దాణాగా కొంటారు, పాలు బాగా ఇస్తాయని. ఖాళీ సీసాలు ఏరి పాత సామాన్ల షాపుకు వేసేవాళ్లు ఉన్నారు, ఆ సీసాలు కడిగి మళ్లీ నింపుతారు. నిజంగా చెప్పాలంటే మన ఊరికి బీరు నేరుగా ఇచ్చే ఉపాధి ఆ సీసాలు ఏరే పనే. బార్లీ మన దగ్గర పండదు. అది చలి పంట, రాజస్థాన్, హర్యానా, యూపీల నుంచి వస్తుంది. మన దేశంలో బీరులో బియ్యం కూడా కొంత వాడతారు. బోధన్ చుట్టూ రైస్ మిల్లులు, నూకలు ఉన్నాయి గానీ అది పచ్చి సరుకు బేరం, క్వింటాలుకు ఇంత అని తీసుకుని పోవడమే.

ఇక బోధన్. మొత్తం గొలుసు ఒకే చోట ఉంటే ఎట్లా ఉంటుందో చూడటానికి డెన్మార్క్ దాకా పోవాల్సిన పని లేదు. మన దగ్గర ఉండేది. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు, దాన్ని కట్టించిన ఇంజినీరు అలీ నవాజ్ జంగ్. నీళ్లొచ్చాయి, చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దది అని చెప్పుకునేవాళ్లు. శక్కర్‌నగర్ అనే ఊరే దాని వల్ల పుట్టింది, రైల్వే స్టేషన్‌కు కూడా అదే పేరు. క్వార్టర్లు, స్కూలు, ఆసుపత్రి, ఆటస్థలం, అన్నీ ఫ్యాక్టరీవే.

దాంట్లో ఏదీ వృథా పోయేది కాదు. చెరుకు రైతు మనోడు. కొట్టే కూలీలకు సీజనంతా పని. గానుగాడగా మిగిలిన పిప్పి బాయిలర్‌లోకి పోయేది. చక్కెర తీయగా మిగిలిన మడ్డితో ఆల్కహాల్ తీసే యూనిట్ కూడా ఫ్యాక్టరీకి ఉండేది. వడపోతలో వచ్చిన మడ్డి ఎరువుగా మళ్లీ పొలానికి. అంటే మద్యానికి ముడి సరుకు కూడా మన పొలం నుంచే పోయేది. పన్ను సర్కారుకు పోయినా ధర, జీతం, కూలి ఇక్కడే తిరిగేవి. బోధన్ బజారులో బట్టల షాపు, బంగారం షాపు చెరుకు బిల్లులు ఎప్పుడు వస్తాయా అని చూసేవి.

2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు అమ్మేశారు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని నోటీసు పెట్టి మూసేశారు. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ యూనిట్లు కూడా దాంతోనే ఆగాయి. సారంగపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చెరుకు వేసిన వాళ్లు దూరం ఫ్యాక్టరీలకు తోలలేక ఎక్కువ మంది వరికి మారారు. 2024లో మళ్లీ తెరవడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. మీ ఇంట్లో తాతనో, పెదనాన్ననో ఆ ఫ్యాక్టరీలో చేసి ఉంటే జీతం బకాయిల ముచ్చట మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు ఆ రెండు ఫ్యాక్టరీలు పక్కపక్కన పెట్టండి. కోపెన్‌హాగెన్‌ది ఎవరి చేతిలో ఉండాలో ఒకాయన రాసిపెట్టాడు, కంపెనీ ఎంత పెరిగినా ఆ రాత మీద పట్టు పోలేదు. మనది సర్కారుది, అంటే అందరిదీ. ఒక్క నిర్ణయంతో సగానికి పైగా వేరేవాళ్ల చేతికి పోయింది. రైతుకు దాంట్లో షేరు లేదు, కార్మికుడికి ఓటు లేదు. చెరుకా బీరా అన్నది కాదు తేడా. తాళం ఎవరి దగ్గర ఉందన్నదే. రేపు ఎవరైనా వచ్చి మన జిల్లాలో ఇథనాల్ ప్లాంట్ పెడతాం, ఫుడ్ పార్క్ పెడతాం, ఇన్ని ఉద్యోగాలు అని చెప్తే నేను మొదట అడిగేది ఉద్యోగాలు కాదు. షేర్లలో రైతు సంఘానికి ఎంత, మూసేయాలంటే ఎవరి సంతకం కావాలి, నీళ్లు ఏ నది నుంచి, ఎండాకాలం ఎవరికి ముందు? ఈ నాలుగింటికి కాగితం మీద జవాబు ఇవ్వమనండి.

ఒకటి మాత్రం ఒప్పుకుందాం. పైసలు ఊళ్లోనే ఉంటే అన్నీ బాగైపోతాయని కూడా కాదు. కల్లు చూడండి. చెట్టు మనది, గీసే గౌడన్న మనోడు, తాగేవాడు మనోడు. చెట్టు పన్ను కూడా తీసేశారు. నూరు రూపాయలూ ఊళ్లోనే తిరగాలి. కానీ చెట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఆ సందులో మత్తు మందు కలిపే వ్యాపారం దూరింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేస్తే, కల్లు దొరక్క మన జిల్లాలోనే జనం వింతగా ప్రవర్తించి ఆసుపత్రుల్లో చేరారు. 2025 ఏప్రిల్‌లో పక్కనే నసురుల్లాబాద్ మండలంలో పదుల మంది కల్తీ కల్లుతో పడిపోయారు. ఈత చెట్టు నుంచి సీసా దాకా మధ్యలో ఏం జరుగుతోంది, సొసైటీల లైసెన్సులు ఎట్లా నడుస్తున్నాయి, అసలు గీసేవాడికి రోజుకు ఎంత మిగులుతోంది, అది వచ్చే ఎపిసోడ్. ఉంటా మరి.